ప్రజల సొమ్మూ, పండితుల పరిశోధనా

ప్రభుత్వం పరిశోధనకిచ్చే డబ్బు తగ్గించినప్పుడల్లా విశ్వవిద్యాలయాల్లోనూ, ప్రయోగశాలల్లోనూ అలజడి బయలుదేరుతుంది. మహజర్లు తయారవుతాయి. సంతకాలు సేకరిస్తారు. పత్రికలకు లేఖలు రాస్తారు. ఎన్నడూ వీధి మొహం చూడని ఆచార్యులు కూడా అట్టముక్క మీద నినాదం రాసుకొని ఊరేగింపులో నడుస్తారు. 1980లలో బ్రిటన్‌లో ఇది జరిగింది. 2004లో ఫ్రాన్సులో జరిగింది. 2017లో మన దేశంలో జరిగింది. 2025లో అమెరికాలో జరిగింది. ఇకముందు కూడా జరుగుతుంది. అంచేత ఒక ప్రశ్న తేల్చుకోవటం అవసరం. కోతను ఎదిరించే విద్వాంసుడు ఏ హక్కుతో ఎదిరిస్తున్నాడు? తన పరిశోధనకు ప్రజలు డబ్బివ్వాలని అడగటానికి అతనికి గల నైతికాధికారం ఎక్కణ్ణించి వచ్చింది?

ఇది అర్థశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న అని కొందరనవచ్చు. ఎంత ఇవ్వాలన్నది అర్థశాస్త్రం తేల్చవలసిందే. కాని ఎందుకివ్వాలన్నది నీతికి సంబంధించిన విషయం. రెండోది తేలకుండా మొదటిదాన్ని వాదించేవాళ్లు బేరం మాత్రమే చెయ్యగలరు. బేరంలో ఎప్పుడూ డబ్బుసంచీ చేతిలో ఉన్నవాడిదే పైచెయ్యి.

మామూలుగా మనకు రెండు జవాబులు వినిపిస్తాయి. విజ్ఞానం పవిత్రమైనది, దాన్ని ఉపాసించేవాణ్ణి లెక్క అడగటమే అపచారం అన్నది మొదటి జవాబు. పూర్వం రాజాస్థానాల్లో పండితులు ఇల్లాగే అనుకున్నారు. అగ్రహారాలు పుచ్చుకున్నారు. ఆ అగ్రహారం దున్నేవాడికి ఆ పాండిత్యంవల్ల ఏమి ఒరిగిందని అడిగినవాడు లేడు. ఈనాడు అడిగేవాడున్నాడు, అడగటం న్యాయం కూడాను. రెండో జవాబు ఇంతకన్న ఆధునికమైనది. పరిశోధన లాభసాటి పెట్టుబడి, ఒక రూపాయి పెడితే పది రూపాయలు వస్తాయి, కనక పెట్టండి అన్నది ఆ జవాబు. ఈ రెండూ నిలిచేవి కావని నా అభిప్రాయం. ఎందుకు నిలవవో అనుభవమే చెబుతుంది.

అంతకన్న ముందు మన పక్షంనుంచే వచ్చే ఆక్షేపణ ఒకటున్నది. పల్లెటూరి బడికి సరైన కప్పుండదు. ఆరోగ్యకేంద్రంలో డాక్టరుండడు. ఇల్లాంటి దేశంలో నక్షత్రాల పుట్టుకను గురించీ, పురుగుల జన్యువులను గురించీ పరిశోధించటానికి కోట్లు కావాలనటం న్యాయమేనా? కప్పులేని బడికి పిల్లవాణ్ణి పంపే తండ్రే ఈ మాట అడిగితే తలవంచి జవాబు చెప్పుకోవలసిందే. అయితే తరచుగా దీన్ని అడిగేది ఆ తండ్రి కాదు, ఆ తండ్రి పేరు చెప్పి ఆర్థికశాఖలవాళ్లు అడుగుతారు. ప్రయోగశాలనుంచి కోసిన డబ్బు బడి కప్పుకు చేరుతుందా అన్నది వాళ్లనే అడగాలి. బ్రిటన్‌లో ఏడేళ్లు దాటిన పిల్లలకు బడిలో ఉచితంగా ఇచ్చే పాలను 1971లో రద్దు చేసిన విద్యామంత్రీ, పదేళ్ల తరవాత విశ్వవిద్యాలయాల గ్రాంట్లు కోసిన ప్రధానమంత్రీ ఒకే మనిషి. ఆమె పరిపాలనలో, 1980ల నడుమ, పరిశోధనాభివృద్ధుల పేర ప్రభుత్వం ఖర్చుపెట్టిన డబ్బులో సుమారు సగం సైనికావసరాలకే పోయింది. పిల్లవాడి పాలూ, పండితుడి గ్రాంటూ ఒకే కత్తెరకు తెగాయి. అంచేత బీదవాడి పేరు చెప్పి పరిశోధనను కోసేవాడు బీదవాడికి మిత్రుడు కావలసిన అవసరమేమీ లేదు.

కాని ఈ సమాధానంతో విద్వాంసుడు తప్పించుకోలేడు. పాలు పోయిన నాడు పాలకోసం అతను నోరు విప్పాడా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

బ్రిటిష్ అనుభవాన్ని కాస్త వివరంగా చూడటం మంచిది. మార్గరెట్ థాచర్ సైన్సు తెలియని మనిషి కాదు. 1943 నుంచి 1947 దాకా ఆక్స్‌ఫర్డ్‌లో రసాయనశాస్త్రం చదివింది. చివరి యేడు డొరతీ హాడ్జ్‌కిన్ దగ్గర స్ఫటికాలమీద పనిచేసింది. ఈ హాడ్జ్‌కిన్ 1964లో నోబెల్ బహుమానం పొందిన శాస్త్రజ్ఞురాలు, శాంతి ఉద్యమంలో జీవితాంతం పనిచేసిన వామపక్షీయురాలు. గురువు ఒక దారి, శిష్యురాలు మరొక దారి. పాలకులకు సైన్సు విలువ తెలియక కోతలు పెడుతున్నారనీ, ఎవరన్నా వెళ్లి తెలియజెబితే మానుకుంటారనీ నమ్మే మంచివాళ్లు ఈ సంగతి గమనించాలి. పెనిసిలిన్ నిర్మాణం కనిపెట్టినావిడ దగ్గర పాఠం నేర్చుకున్న మనిషికి విలువ తెలియదనటం కుదరదు. తెలిసే కోసింది. ఆమె ప్రాతినిధ్యం వహించిన వర్గానికి ఆ విలువ వేరే లెక్కలో కనిపించింది.

ఆ లెక్క ఏమిటో ఆమె విద్యా, విజ్ఞానశాఖల మంత్రిగా ఉన్న కాలంలోనే, 1971లో, రోత్‌షైల్డ్ ప్రభువు ఇచ్చిన నివేదికలో స్పష్టంగా ఉన్నది. ప్రయోజనం ఉద్దేశించి చేసే పరిశోధనలో కొనేవాడూ, కాంట్రాక్టరూ ఉంటారు. ఏది కావాలో కొనేవాడు చెబుతాడు, కాంట్రాక్టరు చేసిపెడతాడు, కొనేవాడు డబ్బిస్తాడు. ప్రభుత్వశాఖలే కొనేవాళ్లు. శాస్త్రజ్ఞుడు సరుకు సరఫరా చేసే కాంట్రాక్టరు. దీన్ని చూసి అనేకమంది శాస్త్రజ్ఞులు మండిపడ్డారు. కాని వాళ్లలో చాలామందికి కోపం తెప్పించింది కాంట్రాక్టరు అన్న మాటే. ఆ కొనేవాడు ఎవరి తరఫున కొంటున్నాడు అన్న అసలు ప్రశ్న వేసినవాళ్లు తక్కువ.

1981 జులైలో అసలు దెబ్బ తగిలింది. ఏ విశ్వవిద్యాలయానికి ఎంత కోతో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిటీ తెలియజేసింది. సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయానికి గ్రాంటులో సుమారు 44 శాతం పోయింది. బ్రాడ్‌ఫర్డ్, ఆస్టన్ కూడా బాగా దెబ్బతిన్నాయి. ఈ మూడూ కార్ఖానాల పట్టణాల్లో సాంకేతిక కళాశాలలుగా బతికి, 1960లలో విశ్వవిద్యాలయాలైనవి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలు తేలికగా బయటపడ్డాయి. పరిశ్రమలకు పనికివచ్చే చదువు కావాలని రోజూ చెప్పే ప్రభుత్వం హయాములో, పరిశ్రమలకు అంటిపెట్టుకొని ఉన్న విశ్వవిద్యాలయాలకే పెద్ద గాయం తగలటం వింతగా కనిపించవచ్చు. ఈ వింతకు కారణం వెతికితే మనకు అసలు నైతిక సమస్య దొరుకుతుంది.

మొత్తం ఎంత కొయ్యాలో ప్రభుత్వం నిర్ణయించింది. ఎవరికి ఎంత కొయ్యాలో ఆ కమిటీ నిర్ణయించింది. కమిటీలో అధిక సంఖ్యాకులు విశ్వవిద్యాలయాచార్యులే. కత్తి ప్రభుత్వానిది, కోసిన చెయ్యి పండితుడిది. పండితుడు తనకు తెలిసిన కొలబద్దతో కొలిచాడు. పాత ప్రతిష్ఠా, ప్రవేశపరీక్షల మార్కులూ, అప్పటికే గల పేరూ ఆ కొలబద్దలో భాగాలు. ఉన్నవాడికి ఉంచి, లేనివాడికి కోశాడు.

వాళ్లు దుర్మార్గులు కారు. మేము చెయ్యకపోతే గుమాస్తాలు ఇంతకన్న అధ్వాన్నంగా చేసేవాళ్లు, మేము కనక కొంతైనా కాపాడాం అని వాళ్లనగలరు. ఈ వాదంలో నిజం లేకపోలేదు. అన్యాయం జరిగే చోట న్యాయంగా పంచటానికి ఒప్పుకున్న ప్రతి మంచివాడూ ఈ మాటే అంటాడు. కరువు కాలంలో మునసబు కూడా ఈ మాటే అన్నాడు: నేను కాకపోతే ఇంకొకడు శిస్తు వసూలు చేస్తాడు, నేనైతే కాస్త దయగా చేస్తాను. కాని పంపకానికి కూచున్న క్షణాన పంచవలసిన మొత్తాన్ని అంగీకరించినట్టే. ఆ తరవాత పోరాటం విద్వాంసులకూ ప్రభుత్వానికీ మధ్య ఉండదు. సాల్ఫర్డ్‌కూ, ఆక్స్‌ఫర్డ్‌కూ మధ్య ఉంటుంది. భౌతికశాస్త్రానికీ, చరిత్రకూ మధ్య ఉంటుంది. పాలకవర్గానికి కావలసిందీ అదే.

ఈ నేపథ్యంలో 1985 జనవరి 29న ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన వోటింగును చూడాలి. ప్రధానమంత్రికి గౌరవ డాక్టరేటు ఇవ్వాలన్న ప్రతిపాదన అధ్యాపకుల సభముందుకు వచ్చింది. యుద్ధం తరవాత అక్కడ చదివి ప్రధానులైనవాళ్లందరికీ ఆ గౌరవం దక్కింది. ఈసారి 738 మంది వద్దన్నారు, 319 మంది ఇద్దామన్నారు. విద్యకూ, పరిశోధనకూ కోతలు పెట్టిన మనిషిని విద్యాలయం సన్మానించటం అసహ్యం అన్నది వద్దన్నవాళ్ల ప్రధాన వాదం. ప్రపంచమంతా ఈ వార్త చదివింది.

ఇది మంచి పనే. పాలకుల ముందు వంగటానికి అలవాటుపడిన విద్యాలయాలను చూసిన మనకు దీని విలువ తెలుస్తుంది. మంత్రిగారికి డాక్టరేటిచ్చి గ్రాంటు తెచ్చుకొనే ఉపకులపతులు మనకు కొత్త కాదు. హైదరాబాదులో సి.సి.ఎం.బి. స్థాపకులైన పుష్పమిత్ర భార్గవ గారు 2015లో, హేతువాదంమీదా, వ్యక్తుల స్వేచ్ఛమీదా దాడి పెరుగుతున్నదని చెప్పి, పద్మభూషణ్ తిప్పి పంపినప్పుడు ఎంతమంది శాస్త్రజ్ఞులు గొంతు కలిపారో, ఎంతమంది గోడవైపు చూశారో మనకు తెలుసు. అంచేత ఆక్స్‌ఫర్డ్ వోటును తేలికచెయ్యను. ఐనా ఒక మాట చెప్పక తప్పదు. గౌరవం ఇవ్వననటంవల్ల ఇవ్వనన్నవాడికి పోయేదేమీ లేదు. సాల్ఫర్డ్‌కు 44 శాతం పోయిన నాటినుంచి ఆ వోటు దాకా మూడేళ్లు దాటింది. ఆ నాడే ఆక్స్‌ఫర్డ్ తన వాటాలో కొంత వదులుకొని, ఈ పంపకాన్ని మేము ఒప్పుకోమని ఉంటే ఆ నిరసనకు ఇంకొక బరువుండేది.

మరుసటి సంవత్సరం 1986 జనవరి 13న "బ్రిటిష్ సైన్సును కాపాడండి" అన్న ప్రకటన టైమ్స్ పత్రికలో వచ్చింది. సుమారు 1500 మంది శాస్త్రజ్ఞులు తలా కొంత డబ్బు వేసుకొని ఆ ప్రకటన వేయించారు. ఆ పేరుతో పుట్టిన సంస్థ చాలాకాలం పనిచేసింది. 2005లో పేరు మార్చుకొని ఇంకా పనిచేస్తున్నది. సొంత జేబులోనుంచి డబ్బు తీసి, ప్రజల ఎదటికి రావటం ముందడుగే. కాని ఇల్లాంటి ఉద్యమాల వాదంలో దేశ ఆర్థికాభివృద్ధికీ, పరిశ్రమలకూ సైన్సు మూలమన్నదే రానురాను ముందుకు వస్తుంది. ఇదే నేను పైన చెప్పిన రెండో జవాబు.

ఈ జవాబు అబద్ధం కాదు. పరిశోధనవల్ల సంపద పెరుగుతుంది. ఐతే ఈ వాదాన్ని ఎవరి ఎదట చేస్తున్నామో, వాళ్ల చేతిలో అది కత్తిగా మారుతుంది. సరే, లాభం వచ్చే పరిశోధనకే ఇస్తాం, మిగతాది మానండి అంటాడు మంత్రి. లాభమే గనక వస్తే ఆ లాభం పొందే కంపెనీనే పెట్టుబడి పెట్టమనండి, ప్రజల సొమ్మెందుకు అని కూడా అంటాడు. ఈ రెండు మాటలకూ రెండో జవాబువాడి దగ్గర సమాధానం లేదు. ఎదటివాడి తక్కెడ తీసుకొని తూగటానికి ఒప్పుకున్నాక, తక్కెడ తప్పని ఎల్లా అంటాడు?

థాచర్ గురువు చేసిన పనే తీసుకోండి. హాడ్జ్‌కిన్ ఇన్సులిన్ స్ఫటికాలను ఎక్స్‌కిరణాలతో మొదట ఫొటో తీసింది 1930ల నడుమ. ఇన్సులిన్ నిర్మాణం తేలింది 1969లో. చివరి దశలో పనిచేసిన బృందంలో మన దేశస్థుడు యం. విజయన్ కూడా ఉన్నారు. ముప్ఫయి నాలుగేళ్లు! మధ్యలో ఏ మూడేళ్లు తీసుకొని లెక్క చూసినా ఆ పని దండగమారిగానే కనిపిస్తుంది. మూడేళ్ల కాంట్రాక్టులో ఆ పనిని బిగించి ఉంటే అది మొదటి మూడేళ్లకే ఆగిపోయేది.

ఇక్కడ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పి కొందరు ఎదురు వాదించవచ్చు. భీమవరంలో పుట్టిన ఆయన బోదకాలు మందుతో సహా గొప్ప మందులు తయారు చేయించింది అమెరికాలో లెడర్లీ అనే ప్రైవేటు కంపెనీలో కదా అని. నిజమే. కాని ఆయన ఆ కంపెనీలో చేరింది 1940లో. అంతకుముందు పదిహేనేళ్లకు పైగా హార్వర్డ్‌లో చేసిన పనికి కొనేవాడెవడూ లేడు. రక్తంలో భాస్వరాన్ని కొలవటానికి ఫిస్కేతో కలిసి ఆయన రూపొందించిన పద్ధతి 1925లో ప్రచురణయింది. కండరాలలో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించింది 1927లో. ఈ పనులతో అమ్మటానికి సరుకేమీ తయారు కాలేదు. మందుల తయారీలో ఆయన చేతికి వచ్చిన నేర్పు ఆ అమ్ముడుపోని సంవత్సరాల్లో వచ్చింది. కంపెనీ పండును కోసుకున్నది. చెట్టుకు నీళ్లు పోసింది వేరేవాళ్లు. ఆ విశ్వవిద్యాలయం ఆయనకు స్థిరమైన ఉద్యోగమివ్వలేదన్నది కూడా మరిచిపోకూడదు. ఆ సంగతికి ఇంకొంచెం కిందుగా వస్తాను.

మరి పరిశోధకుడి హక్కుకు ఆధారమేమిటి? నా దృష్టిలో ఆ హక్కు అతను చేసిన అప్పులోనుంచి పుడుతుంది. ఇది వినటానికి విపరీతంగా ఉంటుంది. అప్పుపడ్డవాడు ఇంకా అడగటమేమిటి అనవచ్చు. కాని ఆలోచించండి. ఏ శాస్త్రజ్ఞుడూ ఒంటిగా ఏమీ కనిపెట్టడు. అతను చదివిన బడి ప్రజల సొమ్ముతో నడిచింది. ఆ బడికి పోలేక పొలానికి పోయిన పదిమంది పిల్లలు అతని తీరికకు వెల చెల్లించారు. అతని పరికరాలకు గాజు ఊదినవాడూ, గది ఊడ్చినవాడూ, రాత్రంతా యంత్రానికి కాపలా కాసినవాడూ అతని వ్యాసంలో పేరు లేకుండా ఉన్నారు. అతని ముందు తరాల శాస్త్రజ్ఞులు కనిపెట్టింది అతనికి ఉచితంగా దక్కింది. అంటే విజ్ఞానం ఉమ్మడి శ్రమతో ఏర్పడ్డ ఉమ్మడి ఆస్తి. పరిశోధకుడు దానికి యజమాని కాడు, ధర్మకర్త. ధర్మకర్త తనకోసం అడిగితే అది ముష్టి. ఆస్తి తాలూకు అసలు హక్కుదార్లకోసం అడిగితే అది విధి. చెరువు గట్టు తెగిపోతున్నదని కావలివాడు కేకవేసినప్పుడు, నీకేమిటి లాభమని ఎవరూ అడగరు. ఆ చెరువుకింద ఎవరి పొలాలున్నాయో అందరికీ తెలుసు.

ఐతే కావలివాడు ఆ చెరువు నీళ్లు ఎవరికి పారుతున్నాయో కూడా చూడాలి. హాడ్జ్‌కిన్‌కు గురువైన జె. డి. బెర్నాల్ 1939లోనే సైన్సు నిర్వహించే సామాజిక ధర్మాన్ని గురించి ఒక పెద్ద గ్రంథం రాశాడు. సైన్సుకు డబ్బు చాలటం లేదనీ, ఉన్న డబ్బు కూడా యుద్ధానికీ, లాభాలకూ పారుతున్నదనీ ఆయన అంకెలతో వాదించాడు. సమాజావసరాలనుబట్టి పరిశోధనకు ప్రణాళిక ఉండాలన్నాడు. అప్పుడు ఆయన్ను ఎదిరించిన పొలాన్యీ ప్రభృతులు ప్రణాళిక అంటేనే సైన్సు స్వేచ్ఛకు ఉరి అన్నారు. ఈ వివాదంలో మనవాళ్లు సులభంగా బెర్నాల్ పక్షం చేరతారు. నేనూ చేరతాను. కాని కళ్లు మూసుకొని కాదు. 1948లో సోవియట్ యూనియన్‌లో ప్రజల పేరుతోనే లైసెంకో జన్యుశాస్త్రం నోరు మూయించాడు. దానివల్ల ప్రజలకు రావలసిన గింజ రాలేదు, శాస్త్రజ్ఞులు మాత్రం నష్టపడ్డారు. పరిశోధన ఎవరికోసం అని అడిగే హక్కు సమాజానికి ఉన్నది. పరిశోధన ఫలితం ఎల్లా ఉండాలో ముందే చెప్పే హక్కు సమాజానికి లేదు, సమాజం పేరు చెప్పే ప్రభుత్వానికి అసలే లేదు. ఈ రెంటికీ గల తేడాను వామపక్షం మరిచిపోయినప్పుడల్లా కోతలరాయుళ్లకు బలం చేకూరింది.

ఇప్పుడు ఫ్రాన్సు చూద్దాం. 2003లో అక్కడి ప్రభుత్వం పరిశోధనా సంస్థలకు మంజూరైన డబ్బును స్తంభింపజేసింది. 2004 బడ్జెటులో 550 శాశ్వతోద్యోగాలను తాత్కాలిక కాంట్రాక్టులుగా మార్చింది. జనవరి మొదట్లో శాస్త్రజ్ఞులు "పరిశోధనను కాపాడుదాం" అన్న మహజరు ప్రచురించారు. కొద్దివారాల్లో పరిశోధనా రంగంలోనే డెబ్భైవేలకు పైగా సంతకాలు చేరాయి. మార్చి 9న పారిస్ నగర సభాభవనంలో సమావేశమై, రెండువేలమందికి పైగా ప్రయోగశాలల అధిపతులూ, బృంద నాయకులూ తమ పరిపాలనా బాధ్యతలకు రాజీనామా ఇచ్చారు. పరిశోధన మానలేదు, పాఠాలు మానలేదు. ప్రభుత్వం తరఫున కాగితాలు నడిపే పని మానేశారు.

1981 నాటి బ్రిటిష్ కమిటీతో దీన్ని పోల్చి చూస్తే నేను చెప్పదలచిన విషయం స్పష్టమవుతుంది. అక్కడ పెద్దలు కత్తి పుచ్చుకొని పంపకానికి కూచున్నారు. ఇక్కడ పెద్దలు కత్తి కింద పెట్టి లేచారు. ఇంకొక తేడా కూడా ఉన్నది. రాజీనామా ఇచ్చినవాళ్లలో ఎవరి ఉద్యోగానికీ ముప్పు లేదు. వాళ్లు శాశ్వతోద్యోగులు. పోయిన 550 ఉద్యోగాలు ఇంకా పరిశోధనలో అడుగుపెట్టని కుర్రవాళ్లవి. తనకు నష్టం లేని చోట, తనకన్న కిందివాడి నష్టంకోసం లేచినవాడి మాటకు ప్రజలు చెవి ఒగ్గుతారు. ఒగ్గారు కూడా. అదే నెలలో జరిగిన ప్రాంతీయ ఎన్నికల్లో పాలక పక్షం చిత్తుగా ఓడింది. దానికి ఇంకా అనేక కారణాలున్నాయి, ఇదీ ఒకటి. ఏప్రిల్ 7న ప్రభుత్వం 550 ఉద్యోగాలూ తిరిగి ఇచ్చింది, విశ్వవిద్యాలయాల్లో ఇంకొక వెయ్యి ఉద్యోగాలు ఇస్తానన్నది.

కథ ఇక్కడ ముగిస్తే బాగుంటుంది కాని నిజం కాదు. అక్టోబరులో గ్రెనోబుల్‌లో శాస్త్రజ్ఞులు మహాసభ జరిపి పరిశోధనా వ్యవస్థకు తామే ఒక రూపురేఖ తయారు చేశారు. ప్రభుత్వం విన్నది, విని తన దారిన తాను పోయింది. 2005లో జాతీయ పరిశోధనా ఏజన్సీ ఏర్పడింది. ప్రయోగశాలకు నికరంగా ఇచ్చే డబ్బుకు బదులు, ప్రాజెక్టులవారీగా పోటీపెట్టి ఇచ్చే డబ్బు క్రమంగా ముందుకొచ్చింది. 2006 చట్టంతో ఆ పద్ధతి స్థిరపడింది. తలుపు దగ్గర ఆపిన కోత కిటికీలోనుంచి వచ్చింది. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే కుర్రవాడికి జీతం. ప్రాజెక్టు సంపాదించిన పెద్దే ఆ కుర్రవాడికి యజమాని. పెద్దలచేత మళ్లీ కత్తి పట్టించే ఉపాయం ఇది. ఈసారి కత్తిని గమనించటం కూడా కష్టం, ఎందుకంటే దాని పేరు ప్రతిభ.

మన దేశంలో పరిశోధనాభివృద్ధులకు పెట్టే ఖర్చు 2020–21లో జాతీయోత్పత్తిలో 0.64 శాతం. మూడు శాతం కావాలనీ, విద్యకు పది శాతం కావాలనీ, అశాస్త్రీయ భావాల ప్రచారం ఆపాలనీ 2017 ఆగస్టు 9న అనేక పట్టణాల్లో శాస్త్రజ్ఞులూ, విద్యార్థులూ ఊరేగింపులు జరిపారు. భార్గవ గారు చనిపోయి అప్పటికి ఎనిమిది రోజులు. అంతకు రెండేళ్ల ముందే, 2015 జూన్‌లో, సి.ఎస్.ఐ.ఆర్. ప్రయోగశాలల అధిపతులు డెహ్రాడూన్‌లో సమావేశమై, తమ ప్రయోగశాలలు తమ ఖర్చు తామే సంపాదించుకొనే దారి పట్టాలన్న ప్రకటన ఆమోదించారు. పారిస్‌లో అధిపతులు రాజీనామా ఇచ్చారు, డెహ్రాడూన్‌లో అధిపతులు ఆమోదం ఇచ్చారు. 2023లో జాతీయ పరిశోధనా సంస్థకు చట్టం చేసినప్పుడు, ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలన్నారు. అందులో సుమారు 36,000 కోట్లు ప్రభుత్వేతర వనరులనుంచి వస్తాయన్నారు. కంపెనీ ఎంత ఇస్తుందన్నది ఒక ప్రశ్న. ఇస్తే ఏ ప్రశ్నలు అడగనిస్తుందన్నది అంతకన్న పెద్ద ప్రశ్న. కాలవలో కలిసే విషాన్ని పరీక్షించే రసాయనశాస్త్రజ్ఞుడికి ఆ విషం వదిలే ఫ్యాక్టరీ జీతమివ్వదు.

ఇక సుబ్బారావు గారి ఉద్యోగం సంగతికి వస్తాను. కోత ఎప్పుడూ అట్టడుగునుంచి మొదలవుతుంది. 2015 అక్టోబరులో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, నెట్ పరీక్ష ప్యాసుకాని పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్పును నిలిపెయ్యాలని నిర్ణయించింది. ఎంఫిల్ విద్యార్థికి నెలకు 5000 రూపాయలు, పిహెచ్‌డి విద్యార్థికి 8000. ఢిల్లీలో విద్యార్థులు ఆ కార్యాలయం ముందే రోడ్డుమీద మకాంపెట్టారు. చలికి వణికారు, లాఠీ దెబ్బలు తిన్నారు. ఫెలోషిప్పు కొనసాగుతుందని ప్రభుత్వం చెప్పేదాకా కదలలేదు. ఆ 8000 రూపాయలతో బతికేవాడు తరచుగా తన కుటుంబంలో మొదటిసారి విశ్వవిద్యాలయం మెట్లెక్కినవాడు. కూలివాడి కొడుకో, కౌలురైతు కూతురో. 2019 జనవరిలో జూనియర్ ఫెలోషిప్పును 25,000 నుంచి 31,000కు పెంచింది కూడా పరిశోధక విద్యార్థులు నెలల తరబడి అడగ్గా అడగ్గానే.

ఈ పోరాటాల్లో ఆచార్యులెక్కడున్నారు? కొందరు వచ్చారు, వాళ్లకు నమస్కారం. ఎక్కువమంది రాలేదు. తన గ్రాంటు తగ్గినప్పుడు దేశంలో సైన్సు చచ్చిపోతున్నదని వ్యాసం రాసే ఆచార్యుడు, తన గదిలో పనిచేసే విద్యార్థికి ఆరునెలలుగా ఫెలోషిప్పు రాకపోతే, ఓపిక పట్టు నాయనా అంటాడు. అలవాటు కొద్దీ అంటాడే తప్ప చెడ్డవాడై కాదు. కాని ఆ అలవాటే అతని వ్యాసం విలువను తీసేస్తుంది. తన కిందివాడి కూడు పోయినప్పుడు లేవనివాడు తన గ్రాంటు పోయినప్పుడు లేస్తే, అతను కాపాడేది విజ్ఞానాన్ని అని ప్రజలెందుకు నమ్మాలి? బడిపాలు పోయినప్పుడు మాట్లాడనివాడికి ప్రయోగశాలకోసం మాట్లాడమని పాలవాడు ఎందుకు తోడు రావాలి?

అంచేత కోతలకు వ్యతిరేకంగా పోరాడవద్దని నేననటం లేదు. అందరికన్న గట్టిగా పోరాడాలంటున్నాను. ఐతే ఆ పోరాటం దేనితో మొదలుకావాలో నిర్ణయించుకోవాలి. పంపకాల కమిటీలో కూచోమన్నప్పుడు కూచోకపోవటంతో మొదలుకావాలి. పక్క శాఖను కోసి మాకు పెట్టండి అనే మహజరు రాయకపోవటంతో మొదలుకావాలి. అన్నిటికన్న ముఖ్యంగా, డిమాండ్ల పట్టికలో మొదటి పంక్తిని పరిశోధక విద్యార్థి ఫెలోషిప్పుకూ, కాంట్రాక్టు అధ్యాపకుడి ఉద్యోగానికీ, ప్రయోగశాలలో పనిచేసే నాలుగో తరగతి ఉద్యోగి జీతానికీ కేటాయించటంతో మొదలుకావాలి. దానితోపాటు సంవత్సరానికొకసారైనా, మీ డబ్బుతో మేము చేసిన పని ఇది, ఇందులో మాకు తేలనిది ఇది అని బడిపిల్లలకూ, రైతులకూ తెలుగులో చెప్పే ఏర్పాటు జరగాలి. ఇది దయాధర్మం కాదు, ధర్మకర్త అప్పజెప్పవలసిన లెక్క.

ఇదంతా చేసినా ప్రభుత్వం కొయ్యవచ్చు. ఫ్రాన్సులో అల్లాగే జరిగింది. కాని అప్పుడు కోత పడినచోట విద్వాంసుడు ఒంటరిగా ఉండడు. ఆ నీళ్లు ఎవరి పొలానికి పారాలో, ఆ పొలంవాళ్లు గట్టుమీదికి వస్తారు.